చాటెడు తవుడు

బొంబాయి, పరేల్
1954 జూన్

వదినా,

అన్న పేరిట రాసిన కార్డు ఈపాటికి చేరి ఉంటుంది. అది క్షేమ సమాచారం. ఇది పని. అన్నకు చదివి వినిపించకు, "గిది గూడ ఒక చదువేనా" అంటాడు.

కాలేజీలో ఈ ఆఖరి ఏడాది ఒక్కొక్కరం ఒక్కో విషయం పట్టుకుని పరిశోధించి రాయాలి. తోటివాళ్లు కూలీలుండే చాల్‌లలో నీళ్ల కటకటా, మిల్లు కార్మికుల జబ్బులూ తీసుకున్నారు. నేను వేరేది తీసుకున్నాను. పిల్లల్ని బడికి పంపని తల్లిదండ్రుల మీద సర్కారు కేసులు ఎట్లా పెడుతుంది, ఎవరి మీద పెడుతుంది, జుల్మానా వేశాక ఆ పిల్లలు నిజంగా బడికి పోతున్నారా? మా మేడమ్ "ఇందులో రాయడానికి ఏముంది" అన్నారు. ఆ మాటతో నాకు ఇంకా పట్టుదల వచ్చింది.

కోర్టుకు పోయి కూర్చుంటున్నాను. మొన్న ఓడరేవులో పనిచేసే ఒక గోదీ కూలీని నిలబెట్టారు, కొడుకు బడికి పోవడం లేదని. కొడుకును కూడా వెంట తెమ్మన్నారు. సమన్లు చూసి భయపడి ఆ పిల్లవాడు అప్పటికే బుద్ధిగా బడికి పోతున్నాడట. కోర్టుకు రావడం వల్ల ఆ రోజు బడి పోయింది. ఆ సంగతి అక్కడ ఒక్కరికీ తట్టలేదు. నాకు కూర్చోబుద్ధి కాక లేచి వరండాలోకి పోయి తిరిగాను.

ఇప్పుడు నీతో పని. మన సాలెవాడల్లో ఆడపిల్లలు చాలామంది ఇంట్లోనే కండెలు చుడుతూ, బీడీలు చుడుతూ ఉంటారని నీకు తెలుసు, నాకు తెలుసు. మరి మన పేటలో ఒక్క కేసూ లేదేం? ఇదే ప్రశ్న అక్కడి స్కూల్ బోర్డు ఆఫీసుకు రాసి పంపాను. వాళ్లు పలకరు. నువ్వు పలుకు. ఎవరికైనా నోటీసు వచ్చిందేమో కనుక్కో. నా ఫారం ఒకటి పెడుతున్నాను. అందులో 'కారణం' అని ఒక గడి ఉంది చూడు. పేదరికం, ఇంటి పని, జబ్బు, అశ్రద్ధ. ఏదో ఒకదానికి గుర్తు పెట్టాలి.

తొందరగా రాయి. నాకు అన్నం సహించడం లేదు.

నీ ఆడబిడ్డ
వసంత


షోలాపూర్, జోడ్‌భావి పేట్
జూలై

బొంబాయి వకీలమ్మకు,

నీ ఉత్తరం కండెల గంపలో పెట్టుకుని నాలుగు విడతల్లో చదివాను. చిన్నప్పుడు పంతులు కొట్టి నేర్పిన పుస్తకపు తెలుగే నా చేతికి వస్తుంది, నోటి మాట కాగితం మీదికి రాదు. నవ్వితే ఇక రాయను.

కేసులు లేవేమని అడిగావు. మన హాజరీ సాబును చూస్తే నీకే తెలుస్తుంది. బడి ఎగ్గొట్టే పిల్లల్ని పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ముసలాయన, మోకాళ్ల నొప్పులు. ఆయన గొడుగు సందు మొదట్లో కనబడగానే ఈ చివర దాకా కబురు వచ్చేస్తుంది. రాట్నాల ముందున్న పోరగాళ్లంతా అటక మీదికి ఎక్కుతారు. ఆయన అరుగు మీద కూర్చుని చాయ్ తాగి, "పిల్లల్ని తోలుండ్రమ్మా, నా నౌకరీ మీదికి తేకుండ్రి" అని అటక వైపు చూస్తూ చెప్పి పోతాడు. ఇదీ మా చట్టం.

నీ ఫారం నాకు నచ్చలేదు. పక్కింటి నర్సమ్మ ఇంట్లో పెంటమ్మ ఉంది కదా, దానికి ఎనిమిదేళ్లు వచ్చాయి. నిరుడు ఒక్కరోజు బడికి పోయింది. ఆ రోజు నర్సమ్మ వంట చెయ్యలేదు, నీళ్లు పట్టలేదు, గంట కొట్టే దాకా బడి గోడ పట్టుకుని నిలబడింది. మర్నాటి నుంచి పంపడం మానేసింది. "తొవ్వల మోటర్లు తిరుగుతయి, బడిల బాయి ఉన్నది, పిల్లలు నూకేస్తరు" అంటుంది. ముందు పుట్టిన ముగ్గురు చేతుల్లోనే పోయిన మనిషి. పేదరికం అందామంటే నర్సమ్మ మొగుడు ఎల్లయ్య మంచి పనివాడు. అశ్రద్ధ అంటే ఆ మాటకు నర్సమ్మ కాదు, నేనే నిన్ను కొడతాను. మరి ఏ గడిలో గుర్తు పెట్టమంటావు?

మీ అన్న కండెలు అయిపోయాయని మగ్గం మీంచి దగ్గుతున్నాడు. ఆ దగ్గు నాకు బాగా తెలుసు. ఉంటాను.

నీ వదిన
చంద్రభాగ


షోలాపూర్
ఆగస్టు

వసంతా,

ఒక సంగతి. మన సందులోకి సమన్లు వచ్చాయి, ఆడపిల్లను బడికి పంపలేదని. నువ్వు అడిగింది దొరికింది. మిగతా తర్వాత రాస్తాను.

చంద్రభాగ


బొంబాయి
ఆగస్టు

వదినా,

ఇట్లా మూడు ముక్కలు రాసి వదిలేస్తే నేనేం కావాలి? ఎవరికి వచ్చాయి? ఎన్ని నోటీసుల తర్వాత వచ్చాయి? ఆ ఇంటాయన ఏమంటున్నాడు? మా మేడమ్‌కు చెబితే ఈసారి ఆవిడే కళ్లద్దాలు తీసి విన్నది. సాలెవాడలో మొదటి కేసు అంటే నా పరిశోధనకు అదే ప్రాణం.

వాయిదా ఎప్పుడో రాస్తే బండెక్కి వస్తాను. ఆయన్ని భయపడవద్దని చెప్పు. వేసేది చిన్న జుల్మానా. ఆయనతో, ఆయన భార్యతో నేను మాట్లాడాలి. ముందుగా నువ్వు ఒప్పించి పెట్టు. నీ మాట కాదనేవాళ్లు ఆ సందులో లేరు కదా.

పోస్టు వచ్చే వేళకు హాస్టల్ గేటు దగ్గరే తచ్చాడుతున్నాను. వాచ్‌మన్ నాకు పెళ్లి సంబంధం ఏదో నడుస్తున్నదని అనుకుంటున్నాడు.

వసంత


షోలాపూర్, జోడ్‌భావి పేట్
సెప్టెంబరు

వసంతకు,

ఆ ఇంటాయన్ని ఒప్పించే పని లేదు. ఆయన మీ అన్న. ఆయన భార్యను నేను.

హాజరీ సాబు సమన్లు తెచ్చి ఇస్తూ ఏడ్చినంత పని చేశాడు. "నన్నేం చెయ్యమంటవమ్మా, బొంబాయి కెల్లి ఎవరో పెద్ద చదువులామె దఫ్తర్‌కు చిట్ఠీ రాసింది. మీ పేటల ఒక్క కేసు గూడ లేదెందుకని అడిగింది. సాహేబ్ నా మీద గరమైండు. పాత లెక్కల చోపడీలు తీసి అండ్ల ఉన్న కేసులన్ని పంపుమన్నడు" అన్నాడు. ఆ పెద్ద చదువులామె ఎవరో నేను చెప్పలేదు. మీ అన్నకు కూడా చెప్పలేదు. చాయ్ ఇచ్చి పంపాను.

పెంటమ్మ మా బిడ్డ ఎట్లా అయిందని అడుగుతావు. నువ్వప్పుడు హైదరాబాదులో మామయ్య వాళ్లింట్లో ఉండి చదువుతున్నావు, చూడలేదు. వరుసగా బిడ్డలు పోయిన ఇంట్లో మళ్లీ పుడితే మనవాళ్లు ఏం చేస్తారో విన్నావు కదా. పుట్టినదాన్ని పెంటకుప్ప మీద పడుకోబెడతారు, పనికిరానిదని పారేసినట్టు. ఇంకొకామె చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంటుంది. అప్పటి నుంచి బిడ్డ ఆమెది. కన్నది పాలిచ్చి పెంచుతుంది గానీ నోటితో 'నా బిడ్డ' అనకూడదు. అంటే పోయినవాళ్లను తీసుకుపోయినదానికి వినబడుతుందని భయం. మన సందులో పెంటకుప్ప ఎక్కడిది? మునిసిపాలిటీ డబ్బాలో పడుకోబెట్టలేం కదా. మగ్గాల కింద ఊడ్చిన నూలు తుక్కు కుప్ప పోసి దాని మీద పెట్టారు. చాటతో తవుడు ఇచ్చి ఎత్తుకున్నది నేను. అందుకే దాని పేరు పెంటమ్మ. అందుకే అది నర్సమ్మను 'అవ్వ' అంటూనే నన్ను 'కొన్నమ్మ' అని పిలుస్తుంది.

బడి ఈడు పిల్లల లెక్క రాసుకునే మనిషి వచ్చినప్పుడు నర్సమ్మ అలవాటు చొప్పున "గీ పిల్ల చంద్రభాగది" అన్నది. అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఇంకేమంటాను? మీ అన్న పేరు తండ్రి కింద, నా పేరు తల్లి కింద రాసుకుని పోయాడు.

మీ అన్న ఆ కాగితం చదవలేదు. మగ్గం దిగి, చేతులు కడుక్కుని, మళ్లీ మగ్గం ఎక్కాడు. "బడెందుకు, పిల్లే లేదు మనకు" అని మాత్రం అన్నాడు.

నువ్వు బండెక్కి రానవసరం లేదు.

చంద్రభాగ


బొంబాయి
సెప్టెంబరు

వదినా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒక్కచోట నిలవలేకపోతున్నాను. సముద్రం గట్టు పొడుగునా నడిచాను, కాళ్లు నొప్పి పుట్టాయి, మనసు మాత్రం అక్కడే ఉంది. ఒక ఆఫీసుకు ప్రశ్న రాస్తే జవాబు వస్తుందనుకున్నాను. పోయి పోయి మన గుమ్మంలోకి సమన్లు వస్తాయని ఎట్లా అనుకుంటాను? అన్నకు నిజం చెప్పు. తిట్టనియ్యి. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కానీ ఒక మాట విను. ఇది తేలిగ్గా పోయే కేసు. కన్నది నర్సమ్మ, బిడ్డ ఉండేది నర్సమ్మ ఇంట్లో. లెక్క రాసుకున్నవాడిది పొరపాటు. వాయిదా నాడు నర్సమ్మ వచ్చి "ఈ పిల్ల నాది" అని ఒక్క మాట చెబితే మీ మీద కేసు అక్కడికక్కడే కొట్టేస్తారు. ఆమెకు కూడా మొదటిసారి కాబట్టి హెచ్చరించి వదిలేస్తారు. కావాలంటే మేజిస్ట్రేటు గారికి నేనే అంతా వివరంగా రాస్తాను.

ఒక్క మాట వదినా. ఆమెను ఒప్పించు.

వసంత


షోలాపూర్, జోడ్‌భావి పేట్
అక్టోబరు

వసంతా,

నీ మాట నర్సమ్మకు చెప్పాను. పొయ్యి మీద జొన్నరొట్టె మాడిపోతున్నా తీయలేదు. "నన్ను జేల్ల పెట్టమను అక్కా, పోత. గా మాట మాత్రం నా నోటికెల్లి రాదు. అనంగనే పోరి పోతది. నాకు ఎరికే" అన్నది. పెంటమ్మ అక్కడే రాట్నం దగ్గర ఉంది. తల ఎత్తకుండా చుడుతున్నది. దానికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. సందులో పిల్లలు దాన్ని "కుప్పల దొరికినవ్" అని ఏడిపిస్తారు. అది ఎదురు చెప్పగా నేను వినలేదు.

ఇక్కడి దాకా రాసి లేచి వాకిలి ఊడ్చాను. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చాను. నీకు ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

నేను నర్సమ్మను గట్టిగా అడగలేదు. ఒకసారి అడిగి ఊరుకున్నాను. ఆమె కాదనగానే నా గుండె తేలికపడింది. ఆ సమన్లు వచ్చిన రోజు నాకు భయం వేయలేదు వసంతా, సంతోషం వేసింది. మీ అన్న మగ్గం ఎక్కాక ఆ కాగితం తీసి మళ్లీ మళ్లీ చూసుకున్నాను. పెళ్లయి ఇన్నేళ్లలో మందులు మింగాను, పండరిపురం నడిచి పోయి వచ్చాను. పేరంటంలో నా ఒడిలో పసిబిడ్డను పెట్టడానికి వెనకాడే వాళ్లను చూశాను. ఎవరూ అనని మాట సర్కారు అన్నది. పెంటమ్మ తల్లివి నువ్వే, కాబట్టి నువ్వే జవాబు చెప్పు అన్నది. నేను కచేరీకి పోయి జవాబు చెబుతాను. నా బిడ్డే అంటాను. ఎంత జుల్మానా వేసినా కడతాను. కట్టిన రసీదు మీద కూడా ఆ మాట ఉంటుంది కదా.

నన్ను పిచ్చిదనుకున్నా సరే. మేజిస్ట్రేటుకు మాత్రం నువ్వు ఏమీ రాయకు. నా మీద ఒట్టు.

నీ వదిన


బొంబాయి
అక్టోబరు

వదినా,

మేజిస్ట్రేటుకు రాసిన ఉత్తరం నిన్ననే పూర్తి చేశాను. కవరు అంటించి, స్టాంపు కూడా అతికించాను. నీ ఉత్తరం వచ్చాక దాన్ని చింపేశాను. నిజానికి అందులో రాసినదంతా సరైనదే. అయినా చింపేశాను.

నిన్ను పిచ్చిదని ఎందుకు అనుకుంటాను? సెలవులకు వచ్చినప్పుడల్లా నీ పక్కన పడుకుని కబుర్లు చెప్పిన దాన్ని, ఇది ఎప్పుడూ అడగలేదే అని ఏడుపు వచ్చింది.

ఒక్కటి మాత్రం అడగకుండా ఉండలేను. కోపం తెచ్చుకోకు. మీ ఇద్దరిలో ఒకరు భయంతో వద్దంటున్నారు, ఒకరు ఆశతో కావాలంటున్నారు. కుప్పలో దొరికినదాన్ని అనుకుంటూ రాట్నం తిప్పుతున్న ఆ పిల్ల సంగతి ఏమిటి? జుల్మానా కట్టాక అయినా అది బడికి పోతుందా? నా పరిశోధన కోసం అడగడం లేదు.

వసంత


షోలాపూర్, జోడ్‌భావి పేట్
డిసెంబరు

వసంతా,

ఇంతకాలం రాయలేదని అలిగి ఉంటావు. రాసే స్థితిలో లేను. మొదటి నుంచీ చెబుతాను.

వాయిదా నాడు పిల్లను తెమ్మన్నారు. నేను ఒక్కదాన్నే తీసుకుపోతానంటే నర్సమ్మ ఊరుకోలేదు, మోటర్లు తిరిగే తొవ్వలో దాని చేయి నేను సరిగా పట్టుకోనని తనూ వెంట వచ్చింది. మీ అన్న గంజి పెట్టిన ధోవతి కట్టుకుని, దొంగల వరసలో నిలబెడతారేమోనని తల వంచుకుని ముందు నడిచాడు. నువ్వు రాసిన ప్రశ్న వల్ల ఇదంతా వచ్చిందని దారిలో చెప్పాను. "చదువుకుంటే గట్లనే అడుగుతరు" అన్నాడు. అంతే. నీ మీద కోపం లేదు.

లోపల మేజిస్ట్రేటు మరాఠీలో అడిగాడు, పిల్ల ఎవరిదని. మీ అన్న నా వైపు చూశాడు. నేను ముందుకు వచ్చి "హో సాహేబ్, మాఝీ", అవును నాదే, అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే పక్కనున్న బంట్రోతు ఉలిక్కిపడ్డాడు. వసంతా, ఆ క్షణం నాకు ఇంకేమీ వద్దనిపించింది.

అంతటితో అయిపోతుందనుకున్నాను. కానీ మేజిస్ట్రేటు కలం పక్కన పెట్టి నాకు బుద్ధి చెప్పడం మొదలుపెట్టాడు. "నువ్వేం తల్లివి? కన్న బిడ్డ మీద నీకు ప్రేమ లేదా? పనికి కూర్చోబెట్టి దాని బతుకు పాడు చేస్తున్నావే, రాయివా మనిషివా" అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. మాట పడతాననే వచ్చాను కదా.

గుమ్మం దగ్గర నుంచి కేక వచ్చింది. "ఆమెను అనకుండ్రి సాహేబ్. ఆమెకు ప్రేమ లేకుంట ఏంది, ఆమె వల్లనే పోరి బతికింది. తప్పు ఆమెది గాదు. పోరి ఆమెది గాదు. నాది. నేను కన్న. నా బిడ్డ." నర్సమ్మ. చెప్పి, రెండు చేతులతో నోరు మూసుకుని అక్కడే కూలబడింది.

నాకేమనిపించిందో దాచను. ఎత్తుకున్న బిడ్డను ఎవరో చేతుల్లోంచి లాక్కున్నట్టయింది. నా కోసమే అన్నదని తెలుసు, తెలిసీ ఆమె మీద కోపం వచ్చింది. అప్పుడు పెంటమ్మను చూశాను. అది నన్నూ చూడలేదు, మేజిస్ట్రేటునూ చూడలేదు. కూలబడిన నర్సమ్మ నోటి వైపే చూస్తున్నది, ఆ చేతులు తీస్తే ఇంకోసారి వినబడుతుందేమో అన్నట్టు.

తెలుగు తెలిసిన గుమాస్తా ఒకడు తవుడు కథంతా మరాఠీలో చెప్పాడు. మేజిస్ట్రేటు మా మీద కేసు కొట్టేశాడు. పిల్లను బడికి పంపకపోతే ఈసారి నర్సమ్మను పిలుస్తానని చెప్పి వెళ్లమన్నాడు.

బడికి ఎక్కడ పోతుంది, ఆ వారంలోనే పెంటమ్మకు చలిజ్వరం వచ్చింది. ఈ కాలంలో సందులో ఇంటికొకరికి వచ్చేదే. కానీ నర్సమ్మకు ఎవరు చెప్పాలి? గోడకేసి తల కొట్టుకున్నది. "నా నోరు పడిపోను, నేనే సంపుకుంటున్న" అంటూ ఒకటే ఏడుపు. మునిసిపాలిటీ దవాఖాన నుంచి చేదు గోలీలు తెచ్చి నేనే మింగించాను. మాట్లాడుకోకపోయినా నేనూ ఆమే చెరో పక్క కూర్చున్నాం. నాకూ భయం వేసింది వసంతా. చదివిన దానివి, నవ్వకు.

జ్వరం తగ్గింది. పిల్ల లేచి తిరుగుతున్నది. నర్సమ్మ మాత్రం దాన్ని గడప దాటనివ్వలేదు. హాజరీ సాబు రెండుసార్లు వచ్చి, చాయ్ కూడా తాగకుండా పోయాడు. ఇట్లాగే ఉంటే నర్సమ్మకు సమన్లు వస్తాయి. నీ ప్రశ్న నా తలలో తిరుగుతూనే ఉంది. ఒకరోజు బియ్యం చెరుగుతుంటే చాటలో తవుడు కనబడింది. అట్లాగే చాట పట్టుకుని లేచాను.

సందులో అందరూ చూస్తుండగా నూలు తుక్కంతా కుప్ప పోయించాను. పెంటమ్మను దాని మీద పడుకోమన్నాను. ఎనిమిదేళ్ల పిల్ల, కాళ్లు కుప్ప దాటి బయటికి వచ్చాయి. ముక్కులో నూలు దుమ్ము పోయి తుమ్మింది, నవ్వు ఆపుకోలేకపోయింది. నేను నర్సమ్మ ముందు చాట పెట్టి, "గీ పారేసిన పిల్లను అమ్ముతవా" అన్నాను. ఆమె ముఖంలోకి ప్రాణం వచ్చింది. చాట అందుకుని "తీస్కపో అక్కా, ఇగ నాకు సంబంధం లేదు" అన్నది. ఎన్నాళ్ల తర్వాతో ఊపిరి పీల్చినట్టు అన్నది.

నేను పెంటమ్మను లేపి, తల దులిపి, అప్పుడు చెప్పాను. "ఇగ ఇది నా బిడ్డ. నా బిడ్డ రేపటి కెల్లి బడికి పోతది. కొన్నదాన్ని నేను, పంపేదాన్ని నేను. కాదంటానికి నీకు హక్కు లేదు నర్సమ్మా." నర్సమ్మ చాటలో తవుడు వైపు చూసింది, నన్ను చూసింది. కాదంటే బిడ్డ తనదని ఒప్పుకున్నట్టు. "నీ బిడ్డ, నీ ఇష్టం" అన్నది.

నాది కాదని నాకు తెలుసు. ఆమెదేనని సర్కారుకు తెలుసు. అయినా దాన్ని రోజూ బడికి చేయి పట్టుకుని తీసుకుపోయేది నేను. ఆ పని నాకు దొరికింది, చాలు. నీ ఫారంలో కారణం గడి ఖాళీగా వదిలెయ్యి. కథ రాసుకో, పేర్లు మాత్రం మార్చు.

మొదటి రోజు బడి గేటు దగ్గర అది నా చేయి వదల్లేదు. "కొన్నమ్మా, నేను కుప్పల దొరికిన అన్నది అబద్ధమే గద?" అని అడిగింది.

"అబద్ధమే" అన్నాను.

"అవ్వ కన్నదే గద నన్ను?"

"కచేరీల నువ్వు విన్నవు గద బిడ్డా."

"విన్న" అన్నది. కొంచెం ఆలోచించి, "మల్ల అనుమని నేనేం అడగ. అవ్వ భయపడ్తది" అన్నది. చేయి వదిలించుకుని, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

నేను వెనక్కి తిరిగితే సందు మలుపులో నర్సమ్మ ఖాళీ బిందె చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. నీళ్లకు వచ్చానన్నది. నల్లా అటు లేదు.

నీ వదిన
చంద్రభాగ